వైట్‌ఫీల్డ్ పుట్టుపూర్వోత్తరాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి రాయమని కార్యవర్గంవారు కోరారు. పెనుకొండ, లేపాక్షి చరిత్రలను నాకంటే బాగా చెప్పగల పెద్దలు మనలో ఎందరో ఉన్నారు. అందుచేత నేను మన పిల్లలు కాపురాలు పెట్టుకున్న ఒక ఊరి చరిత్రను ఎంచుకున్నాను. అది బెంగళూరుకు తూర్పున ఉన్న వైట్‌ఫీల్డ్.

మా అగళి వాళ్ళకు బెంగళూరు ఎన్నడూ పరాయి ఊరు కాదు. సరిహద్దు మండలం కావడం వల్ల ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాకు చిన్ననాటి నుంచీ అలవాటే. పూర్వం మగ్గాలకో, మిల్లులకో, హోటళ్ళకో పనికి వెళ్ళేవారు. ఇప్పుడు చదువుకున్న పిల్లలు కంప్యూటరు కంపెనీలకు వెళుతున్నారు. మా పెద్దవాడు కూడా వారిలో ఒకడు. ఏడాదిలో నాలుగైదు నెలలు నేనూ, నా భార్యా అక్కడే ఉంటాము. నేను రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన వాణ్ణి. ఏ ఊరు వెళ్ళినా ఈ భూమి ముందు ఎవరిది, చెరువు ఎక్కడ, నీళ్ళు ఎటు పోతాయి అని చూసే బుద్ధి ఉద్యోగంతో పోలేదు. ఈ వ్యాసం ఆ బుద్ధితో రాసిందే.

సాగు కోసం ఇచ్చిన భూమి

1881లో బ్రిటిష్‌వారు మైసూరు రాజ్యాన్ని తిరిగి ఒడెయరు వంశానికి అప్పగించారు. మరుసటి ఏడాది, 1882లో, మహారాజా పదవ చామరాజ ఒడెయరు యూరేషియన్, ఆంగ్లో ఇండియన్ సంఘానికి బెంగళూరు తూర్పున సుమారు 3,900 ఎకరాల భూమి మంజూరు చేశారు. ఆ ఉద్యమానికి నాయకుడు డి.ఎస్. వైట్. ఆయన మద్రాసులో విద్యాశాఖ ఉద్యోగి. ఊరికి ఆయన పేరే నిలిచింది.

వైట్ ఆలోచన సూటిగా ఉండేది. ఆయన వర్గంవారు రైల్వే, తంతి, కస్టమ్స్ వంటి సర్కారు కొలువుల మీదే బతికేవారు. ఆ కొలువులు తగ్గితే గతి ఏమిటి? సొంత భూమి ఉండాలి, సాగు చేసుకోవాలి, ఎవరి దయా లేకుండా బతకాలి. ఒక ప్రభుత్వోద్యోగి తనవాళ్ళను కొలువుల మీద ఆధారపడవద్దని చెప్పడం మనబోటివాళ్ళకు ఆలోచించదగిన విషయమే.

ఊరిని గుండ్రంగా వేశారు. నడుమ మైదానం, దాని చుట్టూ ఇళ్ళు. ఆ భాగాన్ని నేటికీ ఇన్నర్ సర్కిల్ అంటారు. పెంకుటిళ్ళు, పెద్ద పెరళ్ళు, చర్చి, వేవర్లీ ఇన్ అనే విడిది ఏర్పడ్డాయి. 1896లో సైనికుడిగా బెంగళూరు వచ్చిన యువకుడు విన్‌స్టన్ చర్చిల్ ఆ విడిదికి వచ్చేవాడని అక్కడ చెప్పుకుంటారు. చర్చిల్ బెంగళూరులో ఉన్నది చరిత్ర, తక్కినది ఊరి కథ.

1864 నుంచే బెంగళూరు, జోలార్‌పేట రైలుమార్గం ఆ పక్కగా ఉన్నా, ఊరు పెద్దగా పెరగలేదు. అది వానమీద ఆధారపడిన మెట్టభూమి. వచ్చినవారిలో ఎక్కువమంది తరతరాల రైతులు కారు. 1947 తరువాత చాలా కుటుంబాలు ఇంగ్లండు, ఆస్ట్రేలియాలకు వలస వెళ్ళాయి. మిగిలిన ఊరు విశ్రాంత జీవులకు పేరుపొందింది. ఒక్కమాటలో చెప్పాలంటే ఆనాటి వైట్‌ఫీల్డ్ పెన్షనర్ల ఊరు. చుట్టూ హూడి, కుందలహళ్ళి, నల్లూరహళ్ళి, పట్టందూరు అగ్రహారం, వర్తూరు గ్రామాలు. రాగి చేలు, చెరువులు.

మన జిల్లావాళ్ళకు ఆ పేరు తెలిసింది పుట్టపర్తి సత్యసాయిబాబా గారి వల్ల. అక్కడి కాడుగోడిలో వారి బృందావనం ఆశ్రమం ఉంది. 1969లో కళాశాల, 2001లో ఉచిత వైద్యం చేసే పెద్ద ఆసుపత్రి వచ్చాయి. మన ప్రాంతం నుంచి గుండె జబ్బుతో, మెదడు జబ్బుతో వెళ్ళి బాగుపడి వచ్చినవారు ఉన్నారు. ఇప్పుడు ఆ ఆసుపత్రి పేరుతో మెట్రో స్టేషనే ఉంది.

పని వచ్చింది, ఊరు మారింది

1991 ఆర్థిక సంస్కరణల తరువాత మన తెలుగువారైన పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉన్న కాలంలో సింగపూరుతో సంబంధాలు బలపడ్డాయి. 1994 జనవరిలో సింగపూరు ప్రధాని గో చోక్ తోంగ్ రిపబ్లిక్ దినోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చారు. ఆ ఏడాదే సింగపూరు కంపెనీల కూటమి, టాటాలు, కర్ణాటక ప్రభుత్వ సంస్థ కలిసి వైట్‌ఫీల్డ్‌లో టెక్నాలజీ పార్కు నిర్మాణానికి పూనుకున్నాయి. దానికి కేటాయించింది 69 ఎకరాలు. 1998 నాటికి అందులో కంపెనీలు పని మొదలుపెట్టాయి. జనం నోట అది ఐ.టి.పి.ఎల్.

ఆ రోజుల్లో బెంగళూరులో కరెంటు కోతలు మామూలు. పార్కువారు సొంత విద్యుత్ కేంద్రం పెట్టుకున్నారు. విదేశాలతో మాట్లాడే లైన్లు, జనరేటర్లు, క్యాంటీన్లు, అన్నీ గోడ లోపలే సమకూర్చుకున్నారు. విదేశీ కంపెనీలకు కావలసింది అదే. పక్కనే ఉన్న ఎగుమతుల పారిశ్రామికవాడలో శాప్ వంటి సంస్థలు వచ్చాయి. 2000లో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనా కేంద్రం వచ్చింది. రాగి చేలల్లో అపార్టుమెంట్లు లేచాయి. ఎకరాల లెక్క పోయి చదరపు అడుగుల లెక్క వచ్చింది.

పాత పేర్లు మాత్రం కూడళ్ళకు అంటుకుని ఉన్నాయి. హోప్ ఫారం కూడలిలో ఫారం లేదు. గ్రాఫైట్ ఇండియా కూడలిలో ఆ ఫ్యాక్టరీ 2019లో మూతపడింది, పేరు మిగిలింది.

గోడ లోపల అన్నీ ఉన్నాయి. గోడ బయట మాత్రం పల్లెల మట్టిబాటలే రోడ్లయ్యాయి. ఆ ప్రాంతం మహదేవపుర పురసభ కింద ఉండేది. 2007లో 7 పురసభలనూ, ఒక పట్టణ సభనూ, 110 గ్రామాలనూ బెంగళూరు నగరపాలికలో కలిపారు. అంటే పార్కు తెరిచిన తొమ్మిదేళ్ళకు గానీ ఆ భూమి నగరం లెక్కలోకి రాలేదు. మెట్రో రైలు 2023 మార్చి 25న కృష్ణరాజపురం నుంచి వైట్‌ఫీల్డ్‌కు వచ్చింది. నగరం నడిబొడ్డుతో పూర్తిగా కలిసింది ఆ ఏడాది అక్టోబరు 9న. పని 1998లో, రైలు 2023లో! నడుమ పాతికేళ్ళు ఒక తరం ఉద్యోగులు రోడ్డు మీద గడిపారు.

లండన్‌లో కూడా పాత రేవులు మూతపడిన చోట కెనరీ వార్ఫ్ అనే వ్యాపార కేంద్రం కట్టారు. అక్కడ చిన్న రైలుమార్గం 1987లోనే నడిచింది. పెద్ద మేడ 1991లో పూర్తయింది. ముందు దారి, తరువాత మేడ. వైట్‌ఫీల్డ్‌లో ఆ క్రమం తలకిందులైంది.

నీళ్ళ సంగతి

దారి ఆలస్యమైతే మనిషి ఓర్చుకుంటాడు. నీళ్ళ విషయం వేరు. బెంగళూరు మిట్ట మీద ఉన్న ఊరు, పక్కన పెద్ద నది లేదు. పూర్వులు గొలుసుగా చెరువులు కట్టారు. ఒకటి నిండి అలుగు పారితే కింది చెరువు నిండేది. బెళ్ళందూరు చెరువు నీళ్ళు వర్తూరు చెరువుకూ, అక్కడినుంచి దక్షిణ పినాకినికీ పోతాయి. నంది కొండలలో పుట్టిన రెండు పినాకినుల్లో ఒకటి ఇది. రెండోది మన హిందూపురం వైపు వచ్చే పెన్న. ఒక కొండ నీళ్ళే వాళ్ళకూ మనకూ.

నగరం పెరిగాక ఆ చెరువుల్లో మురుగు చేరింది. 2015 ప్రాంతంలో వర్తూరు చెరువు నురగ గాలికి లేచి రోడ్డు మీద పడడం దేశమంతా టీవీలో చూసింది. 2017లో బెళ్ళందూరు చెరువులో మంటలే లేచాయి. ఆ తరువాత కోర్టు ఉత్తర్వులతో పూడికతీత పనులు చేపట్టారు. వాగులు ఆక్రమణకు గురైన చోట 2022 సెప్టెంబరు వానలకు తూర్పు బెంగళూరులో ఖరీదైన ఇళ్ళు కూడా మునిగాయి.

వానాకాలంలో మునిగిన ప్రాంతంలోనే 2024 వేసవికి బోర్లు ఎండాయి. ఆ మార్చిలో నేను అక్కడే ఉన్నాను. మా అపార్టుమెంటులో నీళ్ళు పొద్దున గంట, సాయంత్రం గంట. ట్యాంకరు వచ్చిందా అన్నదే లిఫ్టులో పలకరింపు. "తాతా, మన అగళిలో కూడా ట్యాంకరు వస్తుందా?" అని మా మనవరాలు అడిగింది. "చెరువు నిండిన ఏడాది అక్కరలేదమ్మా" అన్నాను. అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

2024 అక్టోబరు 16న కావేరి ఐదో దశ పథకం ప్రారంభమైంది. రోజుకు 77 కోట్ల 50 లక్షల లీటర్ల నీటిని సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో ఎత్తి, ముఖ్యంగా ఆ 110 గ్రామాల ప్రాంతానికి అందించడం దీని ఉద్దేశం. మంచిదే. కానీ లెక్క చూడండి: పని వచ్చిన 26 ఏళ్ళకు నది నీళ్ళ ఏర్పాటు. 2025 సెప్టెంబరులో నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విభజించారు, వైట్‌ఫీల్డ్ తూర్పు కార్పొరేషన్‌లోకి వచ్చింది. కార్పొరేషన్ ఏదైనా చెరువు గొలుసు ఒక్కటేనని వాళ్ళు గుర్తుంచుకోవాలి.

మనం తెలుసుకోవలసినది

1882లో వైట్‌ఫీల్డ్‌కు భూమి ఉంది, చాలినంత పని లేదు. జనం వెళ్ళిపోయారు. 1998 తరువాత పని వచ్చింది, నీళ్ళూ దారీ వెనకబడ్డాయి. జనం ఉన్నారు గానీ నలిగిపోయారు. భూమి, పని, నీరు మూడూ కలిస్తేనే ఊరు. నాకు ఆ ఊరి చరిత్ర చెప్పింది ఇంతే.

ఇది మనకు దూరపు సంగతి కాదు. మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ప్రారంభమైంది. దానికి నీళ్ళు గొల్లపల్లి జలాశయం నుంచి అందుతున్నాయి. ఫ్యాక్టరీ నీళ్ళకు ఏర్పాటు ముందే జరిగింది. దాని చుట్టూ పెరిగే ఊళ్ళకు కూడా ముందే జరగాలి. వెంచర్ల రాళ్ళు పాతకముందే వంకలు, చెరువు కట్టలు, అలుగులు రికార్డులో ఉన్నట్టు నేలమీద ఉన్నాయా అని చూడాలి. ఆ రికార్డులు చదవగలిగినవాళ్ళం, ఎఫ్.ఎం.బి. పట్టుకుని హద్దు చూపగలిగినవాళ్ళం మనమే. మనం ఉండగానే పిల్లలకు చూపించాలి.

రెండో మాట సొంత డబ్బు గురించి. మనలో చాలామంది గ్రాట్యుటీ, కమ్యుటేషన్ మొత్తాలను, ఒక్కోసారి ఊళ్ళో వక్కతోట అమ్మిన డబ్బును, బెంగళూరులో పిల్లల ఫ్లాటుకు అడ్వాన్సుగా ఇస్తున్నారు. ఇవ్వవద్దని నేననను. పిల్లల సుఖం కంటే మనకు కావలసిందేముంది? ఇచ్చేముందు మాత్రం మూడు ప్రశ్నలు అడగండి. కావేరి కనెక్షను ఇంటికి వచ్చిందా, దరఖాస్తులోనే ఉందా? ఈ స్థలం పాత పటంలో చెరువా, కాలువా, పట్టానా? పోయిన వేసవిలో నెలకు ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు? బ్రోచరులోని ఈతకొలను బొమ్మ చూసి సంతకం చేయకండి.

హిందూపురంలో రైలెక్కి బెంగళూరు సిటీ స్టేషనులో దిగితే, ఊదారంగు మెట్రో మార్గం బండి మారకుండా వైట్‌ఫీల్డ్ చేరుస్తుంది. పిల్లల దగ్గరకు వెళ్ళిన సభ్యులు ఒక ఉదయం ఇన్నర్ సర్కిల్ చూసి, తరువాత వర్తూరు చెరువు కట్ట మీద కాసేపు నడిచి రండి. మనవళ్ళను వెంట తీసుకుపోండి. వాళ్ళు ఉండబోయే ఊరు అదే గనుక, దాని కథ వాళ్ళకు తెలియాలి.