యోని రక్షక బ్యాక్టీరియా, అరేబియా ఉప్పు ఆచారం

యోనిలోని లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాను జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ డోడర్‌లైన్ 1892లో వర్ణించాడు. యోని కణాల్లోని గ్లైకోజెన్ నుంచి వచ్చే చక్కెరలను ఇవి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. దాంతో ఆమ్లతను తెలిపే పీహెచ్ 3.8–4.5 మధ్య నిలిచి, హానికర సూక్ష్మజీవులు అంత తేలిగ్గా పెరగలేవు. అంటే లోపలి శుభ్రతను శరీరమే చూసుకుంటుంది. అయినా సౌదీ అరేబియాతో సహా అరేబియా ద్వీపకల్పంలో ఒకప్పుడు బాలింతల యోనిలో రాతి ఉప్పు దట్టించే ఆచారం ఉండేది. బిగువు తిరిగి వస్తుందని, గాయం మానుతుందని నమ్మేవారు. కానీ ఇరవయ్యో శతాబ్దపు వైద్యులు చూసింది వేరు: ఉప్పు లోపలి పొరను దెబ్బతీసి, మచ్చ కట్టించి, దారిని ఇరుకు చేసేది. తర్వాతి కాన్పులో బిడ్డ బయటికి రావడమే గండమయ్యేది.

కాన్పయ్యాక ఈస్ట్రోజెన్ హార్మోన్ పడిపోయి ఈ బ్యాక్టీరియా ఎలాగూ తగ్గుతాయి కదా, ఉప్పుతో కొత్తగా పోయేదేముంది అనవచ్చు. నిజమే, కానీ హార్మోన్లు కోలుకున్నాక అవి మళ్లీ పెరగగలవు. మచ్చకట్టిన పొర పూర్వస్థితికి రావడం కష్టం. ఈ బ్యాక్టీరియాయే రక్షణ అన్న మాటకు ఇంతకంటే బలమైన అభ్యంతరం 2011 నాటిది: పరిశోధకుడు జాక్ రావెల్ బృందం ఉత్తర అమెరికాలో పరిశీలించిన 396 మంది స్త్రీలలో కొందరికి లాక్టోబాసిల్లస్ ఆధిక్యం లేకున్నా ఏ బాధా లేదు. అయినా లోపల కడగడం మేలని ఆ ఫలితం చెప్పదు. బయట నీళ్లతో కడుక్కుంటే చాలు. దుర్వాసన, దురద, స్రావంలో మార్పు ఉంటే వైద్యురాలికి చూపించుకోవాలి.