గత్తర నుంచి ఓఆర్‌ఎస్ దాకా

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున 1866లో, మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న రోజుల్లో, ఆసుపత్రి వెలిసింది. 1888, 89లలో వైద్యుడు ఎడ్వర్డ్ లారీ చేసిన క్లోరోఫాం పరీక్షలతో హైదరాబాదు వైద్యం పేరు ప్రపంచానికి తెలిసింది. మత్తుమందు మీద అంత చర్చ నడిచిన కాలంలోనూ గత్తర (కలరా) సోకితే ఎక్కడి వైద్యులైనా చాలావరకు చేతులెత్తేసేవారు.

గత్తర రోగిని చంపేది ఒంట్లోంచి నీరూ ఉప్పూ వెళ్లిపోవడమే. ముదిరితే గంటకు లీటరు దాకా పోతుంది. కళ్లు గుంటలు పడతాయి, గిల్లిన చర్మం వెంటనే సర్దుకోదు, మూత్రం ఆగిపోతుంది, నాడి అందదు. నీరూ ఉప్పూ తగ్గిపోతాయన్న సంగతి 1832 నాటికే ఓషానెసీ అనే యువ వైద్యుడు రోగుల రక్తాన్ని పరీక్షించి చెప్పాడు. అదే ఏడాది స్కాట్లండ్‌లో థామస్ లట్టా ఉప్పునీటిని నరంలోకి ఎక్కించి కొందరిని బతికించాడు. తర్వాత ఆ పద్ధతి మూలన పడింది. ఓషానెసీ మన దేశానికొచ్చి టెలిగ్రాఫ్ తీగలు వేయించి పేరు తెచ్చుకున్నాడు! సెలైన్‌కు మళ్లీ గౌరవం దక్కింది 20వ శతాబ్దం మొదట్లో, కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ చేతుల్లో.

ఈలోగా 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచేసింది. ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. తర్వాత అక్కడే ఉస్మానియా ఆసుపత్రి లేచింది. వరదను ఆపడానికి కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నగరానికి తాగునీరూ ఇచ్చాయి. గత్తరకు అది పెద్ద అడ్డుకట్టే, కానీ పైపు బాగున్నంత వరకే. 2009 మేలో నగరంలోని భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నీళ్లు తాగి పలువురు చనిపోయారు.

విరేచనాలవుతుంటే నీళ్లిస్తే ఇంకా ఎక్కువవుతాయని మన ఇళ్లలో గ్లాసు దాచేవారు. వట్టి నీళ్లతో పని జరగదన్న మాట మాత్రం నిజమే. పేగులో గ్లూకోజు సోడియంను వెంటబెట్టుకుని లోపలికి పోతుంది, వాటి వెనకే నీరు పోతుంది. గత్తరలోనూ ఆ దారి మూసుకుపోదు. ఉప్పేసిన గంజి పనిచేసేది కూడా ఇందుకే. 1971లో బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిండుకున్నప్పుడు వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీళ్లను, అంటే ఓఆర్‌ఎస్‌ను, రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి పడ్డాయి. నా లెక్కలో అసలు మలుపు ఇదే. వైద్యం డాక్టరు చేతిలోంచి తల్లి చేతికి వచ్చింది.

అయినా నేటికీ ‘ఒక్క గ్లూకోజ్ బాటిలెక్కించండి సార్’ అనేవాళ్లే ఎక్కువ. మరోపక్క చక్కెర పానీయాలు ఓఆర్‌ఎస్ పేరుతో మందుల షాపుల్లోకి దూరాయి. అంత చక్కెర పేగులోకి మరింత నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది. హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో జాతీయ ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.