టామ్ మామ గుడిసె: చదివినవారి తీర్పులు



అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1852వ సంవత్సరమున వెలువడిన ఒక నవలను గూర్చియు, దానిని చదివినవారు ఏమనిరో, ఏమి చేసిరో ఆ సంగతిని గూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచితిని. ఆ నవల పేరు ‘అంకుల్ టామ్స్ కేబిన్’. మన మాటలలో ‘టామ్ మామ గుడిసె’ యనవచ్చును. వ్రాసినది హేరియట్ బీచర్ స్టౌ అను తెల్లజాతి స్త్రీ. వ్రాయబడినది నల్లవారి దాస్యమును గూర్చి. ఆ గ్రంథమును మెచ్చినవారి మాటలును, తిట్టినవారి మాటలును చరిత్రలో కావలసినన్ని కలవు. అయితే ఎవరి కష్టమును గూర్చి అది వ్రాయబడెనో ఆ నల్లవారును దాని పాఠకులే. వారి తీర్పును లోకము చాలకాలము చెవిని బెట్టలేదు. నేను ముఖ్యముగా చెప్పదలచినది దానినే.

ముందుగా ఆ పేరులోని ‘మామ’ యను మాటను విచారింతము. మన పల్లెలలో పెద్దవానిని మామా, బాబాయీ, తాతా యని పిలుచుట మన్ననకు గుర్తు. అక్కడ తెల్లవారు తమ సాటివారిని ‘మిస్టర్’ అని పిలుచుకొనెడివారు. బానిస యెంత వృద్ధుడైనను, ఎంత యోగ్యుడైనను, ఆ మాటకు తగడని వారి నియమము. అందుచే వయసు మీరిన బానిసను ‘అంకుల్’ అని పిలిచి సరిపెట్టిరి. ఆ పిలుపులో వరుస కలదు గాని గౌరవము లేదు.

1850వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము ఆ దేశమున సుమారు 32 లక్షలమంది నల్లవారు బానిసలు. యజమాని వారిని పశువులవలె అమ్మవచ్చును, అప్పుకు తాకట్టు పెట్టవచ్చును. వారి వివాహములను చట్టము గుర్తింపదు. బిడ్డను తల్లియొద్దనుండి వేరుచేసి వేరొక రాష్ట్రమునకు అమ్మినను అడుగువారు లేరు. పెక్కు దక్షిణ రాష్ట్రములందు బానిసకు చదువు చెప్పుట నేరము. ఉత్తర రాష్ట్రములలో దాస్యము లేదు. కాని 1850లో కేంద్ర శాసనసభ ఒక చట్టము చేసెను. పారిపోయి ఉత్తరమునకు వచ్చిన బానిసను పట్టి యజమానికి అప్పగింపవలెను. అట్టివానికి అన్నము పెట్టి దాచినవారికి 1000 డాలర్ల వరకు జరిమానా, ఆరు మాసముల వరకు చెరసాల. ఆ చట్టముతో దాస్యము ఉత్తరమువారి గుమ్మములోనికి వచ్చి నిలిచినది.

హేరియట్ స్టౌ అంతకుముందు చాలకాలము సిన్‌సినాటి నగరమున నివసించెను. నగరము ప్రక్కనే ఒహాయో నది. ఆవలి యొడ్డు కెంటకీ, బానిసల రాష్ట్రము. నదిని దాటి పారిపోయి వచ్చినవారి కథలు ఆమె వినియుండెను. 1849లో కలరా తగిలి ఆమె పసిబిడ్డ చనిపోయెను. బిడ్డను అమ్ముకొనిపోగా బానిస తల్లికి కలుగు దుఃఖమెట్టిదో ఆ సమయమున తనకు తెలిసివచ్చినదని ఆమెయే తరువాత వ్రాసెను. 1851 జూన్ నుండి వాషింగ్టను నగరపు ‘నేషనల్ ఎరా’ పత్రికలో కథ వారము వారము వెలువడెను. 1852 మార్చి 20వ తేదీన బోస్టనులో పుస్తకముగా వచ్చెను.

కథ క్లుప్తముగా చెప్పెదను. టామ్ కెంటకీలోని బానిస. దృఢకాయుడు, చిన్నబిడ్డల తండ్రి, గొప్ప భక్తుడు. యజమాని మంచివాడే, కాని అప్పులపాలై టామును అమ్మివేయును. టామ్ చేతులు మారి, తుదకు లెగ్రీ యను క్రూరుని తోటకు చేరును. పారిపోయిన యిద్దరు స్త్రీలు దాగిన చోటు చెప్పనందున లెగ్రీ అతనిని చావగొట్టించును. టామ్ తనను కొట్టినవారిని క్షమించి కన్నుమూయును. ఎలైజా యను వేరొక బానిస స్త్రీ బిడ్డను చంకనెత్తుకొని, ఒహాయో నదిపై తేలు మంచుగడ్డలమీద గెంతుచు దాటిపోవును. ఆమె భర్త జార్జి తుపాకి చేతబట్టి తరిమినవారిని ఎదిరించి, భార్యాబిడ్డలతో కెనడా చేరి, తుదకు ఆఫ్రికాలోని లైబీరియాకు వలసపోవును.

మొదటి సంవత్సరముననే అమెరికాలో మూడు లక్షల ప్రతులు, ఇంగ్లండులో పదిలక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యెను. మన యిండ్లలో ఒకరు భారతము చదువగా పదిమంది విన్నట్లు, ఆ దేశములందు రాత్రివేళ దీపము ముందు ఒకరు చదువగా ఇంటిల్లిపాది వినెడివారు. బ్రిటను స్త్రీలు, దాస్యమును మాన్పింపుడని అమెరికా స్త్రీలకు విన్నపము వ్రాసి, అయిదు లక్షల అరువదివేలకు పైగా సంతకములు చేసిరి. ఆ సంతకముల పుస్తకములే 26 సంపుటములయ్యెను.

దక్షిణమున బానిసల యజమానులు మండిపడిరి. రచయిత్రి దక్షిణమును ఎరుగదనియు, వ్రాసినదంతయు కల్ల యనియు వారి వాదము. బానిసలు సుఖముగా నున్నారని చూపుటకై ఇరువదికి పైగా ఎదురు నవలలు పుట్టెను. మేరీ ఈస్ట్‌మన్ వ్రాసిన ‘ఆంట్ ఫిలిస్సెస్ కేబిన్’ ఆ సంవత్సరముననే వచ్చినది. స్టౌ 1853లో మరియొక పుస్తకము ప్రకటించి, తన కథకు మూలమైన చట్టములను, న్యాయస్థానముల తీర్పులను, పత్రికలలోని అమ్మకపు ప్రకటనలను ఎత్తిచూపెను.

ఇక నల్లవారి సంగతి. వారిలో ఒకే మాట లేదు; ఉండవలెనని కోరుటయు న్యాయము కాదు. విలియం అలెన్ అను నల్లజాతి ఆచార్యుడు 1852లోనే నవలను మెచ్చుచు, టామునకు భక్తి మోతాదు మించినదని వ్రాసెను. బలవంతుడు కొట్టినప్పుడు ఎదిరింపవలెనని ఆయన మతము. తెల్లవాడైన గారిసన్ కూడ, నవలను మెచ్చుచునే, సహనము నల్లవానికొక ధర్మము, తెల్లవానికొక ధర్మమా యని తన పత్రికలో ప్రశ్నించెను. అమెరికనులు తమ స్వాతంత్ర్యమును తుపాకులతో గెలుచుకొనిరి గదా!

మార్టిన్ డెలానీ వైద్యుడు, పత్రికా రచయిత. 1853లో ఆయన తన అభ్యంతరములను ఫ్రెడరిక్ డగ్లస్ నడిపిన పత్రికలో ప్రకటించెను. స్టౌకు మమ్మును గూర్చి ఏమియు తెలియదు. మా మేలును నిర్ణయించువారు ముందు మమ్ము సంప్రదింపవలెను అని ఆయన వ్రాసెను. జార్జిని లైబీరియాకు పంపిన ముగింపు ఆయనకు కంటగించినది. డెలానీ వలసకు విరోధి కాడు. తెల్లవారు స్థాపించిన సంఘము నల్లవారిని దేశమునుండి సాగనంపుటకు ఏర్పరచిన స్థలమునకు పోవుటకు ఆయన విరోధి.

డగ్లస్ స్వయముగా బానిసగా పుట్టి 1838లో పారిపోయి వచ్చినవాడు. ఆయన డెలానీతో ఏకీభవింపలేదు. సాయపడువారు ఎవరైనను రానిమ్ము, వారి గుణమును వారి పనిని బట్టి చూతమని ఆయన మార్గము. ఇద్దరును స్వజాతి హితము కోరినవారే. ఒకరు ఆత్మగౌరవమును ముందు పెట్టిరి, మరియొకరు కార్యమును. ఏ ఉద్యమములోనైనను ఈ రెండు మాటలును వినబడక తప్పదు. డెలానీ విమర్శతో ఊరకుండలేదు; ‘బ్లేక్’ అను నవలను తానే వ్రాసి 1859లో ప్రకటింప నారంభించెను. అందలి నాయకుడు దక్షిణమంతయు తిరిగి బానిసల తిరుగుబాటును కూర్చువాడు.

హేరియట్ జేకబ్స్ అను స్త్రీ కథ వేరు. ఆమె యజమానినుండి తప్పించుకొనుటకు అవ్వగారి యింటి అటుకమీద, నిలువబడుటకైన వీలులేని చోట, దాదాపు ఏడేండ్లు దాగి, 1842లో ఉత్తరమునకు చేరెను. తన జీవితకథను వ్రాయుటలో స్టౌ సాయమును కోరెను. స్టౌ ఆ కథను తన రెండవ పుస్తకములో ఉదాహరణముగా చేర్చుకొందుననెను. పైగా అది నిజమా యని జేకబ్స్ పనిచేయు ఇంటి యజమానురాలికి జాబు వ్రాసెను. జేకబ్స్ మనసు నొచ్చినది. దానిని తానే వ్రాయ నిశ్చయించుకొని, పగలు ఇంటిపని, రాత్రి వ్రాత సాగించి, 1861లో గ్రంథము ప్రకటించెను. నేడది అమెరికా చరిత్రకు ముఖ్యమైన ఆధారములలో ఒకటి.

కడపట ఒక సామాన్య పాఠకుని మాట. శామ్యూల్ గ్రీన్ మేరీలాండు రాష్ట్రమున బానిసగా పుట్టి, స్వాతంత్ర్యము కొనుక్కొన్న రైతు, మెథడిస్టు బోధకుడు. భార్యను గూడ ధనమిచ్చి విడిపించుకొనెను. బిడ్డలను విడిపింపలేకపోయెను. కొడుకు 1854లో కెనడాకు పారిపోయెను. కూతురు మిస్సోరీకి అమ్మబడెను. 1857లో, కొందరు బానిసలు పారిపోవుటకు తోడ్పడెనను అనుమానముపై అధికారులు ఆయన యిల్లు సోదా చేసిరి. కెనడా పటము, రైళ్ల వేళల పట్టిక, కొడుకు జాబు దొరికినవి. వానిని బట్టి నేరము నిలువలేదు. కాని ‘టామ్ మామ గుడిసె’ కూడ దొరికినది. నల్లవారిలో అసంతృప్తి రేపు గ్రంథము స్వతంత్రుడైన నల్లవానియొద్ద ఉండుట ఆ రాష్ట్రమున నేరము. ఆ పుస్తకము నిమిత్తము ఆయనకు పదియేండ్ల చెరసాల విధింపబడెను. 1862లో, రాష్ట్రము విడిచిపోవలెనను షరతుతో గవర్నరు ఆయనను విడుదల చేసెను.

ఈ సంగతిని నిదానముగా ఆలోచింపుడు. అలెనుకును డెలానీకిని లోపములు తోచిన ఆ పుస్తకమునే మేరీలాండు చట్టము పదియేండ్ల శిక్షకు తగిన ఆయుధముగా ఎంచెను. కూతురిని అమ్ముకొనిపోగా చూచిన తండ్రి చేతిలో, బిడ్డలను అమ్మకముచే కోల్పోయిన తల్లుల కథ ఎట్టిదో యజమానులకు తెలియును. లక్షలమంది దానిని చదివి ఏడ్చిరి. గ్రీనుకు మాత్రము అది అయిదేండ్ల జీవితమును తీసికొన్నది.

1861లో అంతర్యుద్ధము వచ్చినది. 1865 డిసెంబరులో రాజ్యాంగ సవరణచే దాస్యము రద్దయినది. ఈ యుద్ధమును తెచ్చిన చిన్న స్త్రీవి నీవేనా యని లింకన్ అధ్యక్షుడు స్టౌను పలుకరించెనని ఒక కథ ప్రసిద్ధము. అది ఆమె మరణించిన 1896 ప్రాంతమున గాని అచ్చులో కానరాదు. నాటకములవారు మాత్రము టామును చెడగొట్టిరి. తెల్లనటులు ముఖమునకు మసి పూసికొని, నవలలోని దృఢకాయుని నడుము వంగిన ముసలివానిగా, యజమానికి జోహారుచేయు దీనునిగా ఆడిరి. నవల చదువనివారు కోట్లమంది ఆ టామునే ఎరుగుదురు. తుదకు ‘అంకుల్ టామ్’ అనునది నల్లవారిలో తిట్టుమాట యయ్యెను. రిచర్డ్ రైట్ 1938లో తన కథల సంపుటికి ‘టామ్ మామ బిడ్డలు’ అని పేరుపెట్టి, వంగని తరమును చూపెను. జేమ్స్ బాల్డ్విన్ 1949లో స్టౌ నవలను తీవ్రముగా విమర్శించెను.

నా మట్టుకు నాకు తోచునది ఇది. స్టౌ గ్రంథము మేలు చేసినది, సందేహము లేదు. ఇతరుల దుఃఖమును చూచి కలము పట్టినవారిని నిందింపరాదు. కాని ఆ దుఃఖము ననుభవించినవారు, ఇది సరి, ఇది సరికాదు అని చెప్పినప్పుడు, దానిని కృతఘ్నత యనరాదు. డెలానీ తన నవలను, జేకబ్స్ తన జీవితకథను వ్రాయకున్నచో, నల్లవారి మాట స్టౌ నోటనే లోకమునకు వినబడియుండెడిది. మన యూళ్లలో ఎవరి బ్రతుకును గూర్చియైనను పుస్తకము వచ్చినప్పుడు, పదిమంది కూడి చదువుకొనునప్పుడు, ఆ బ్రతుకు బ్రతికినవారిని గూడ పిలిచి కూర్చుండబెట్టుడు. వారు చెప్పుదానిని ముందుగా వినుడు.