కొలంబో కప్ (1952–55): దక్షిణాసియా పటంలో బర్మా ఉన్న రోజులు

దక్షిణాసియా అనగానే మనం సార్క్ దేశాలను వరుసగా అప్పజెబుతాం. ఆ జాబితాలో మయన్మార్ ఉండదు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశకంలో మాత్రం లెక్క వేరుగా ఉండేది. దానికి మంచి సాక్ష్యం ఒక ఫుట్‌బాల్ టోర్నీ. ప్రిలిమ్స్‌లో దీన్ని అడిగే అవకాశం తక్కువే. అయినా తెలుసుకోదగ్గది.

భారత్, పాకిస్తాన్, సిలోన్, బర్మా దేశాల మధ్య 1952లో కొలంబోలో మొదలైన ఈ పోటీయే కొలంబో కప్. నాలుగూ నిన్నటి వరకు బ్రిటిష్ పాలనలో ఉన్నవే. బర్మా అయితే 1937 వరకు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. 1935 చట్టం దాన్ని విడదీసిందని మనం చదువుకున్నదే. కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన మనవాళ్లను అక్కడ 'కోరంగీలు' అనేవారు. రంగూన్ రేవులో మూటలు మోసిన తెలుగు కూలీలకు బర్మా పరదేశంలా తోచి ఉండదు. 1953లో టోర్నీ ఆ రంగూన్‌లోనే జరిగింది.

తర్వాతి రెండు వేదికలను జాగ్రత్తగా గమనించండి. 1954లో కలకత్తా, 1955లో ఢాకా. విభజన చీల్చిన బెంగాల్‌లోని రెండు ప్రధాన నగరాలు ఒకదాని తర్వాత ఒకటి ఆతిథ్యమిచ్చాయి. రెండు బెంగాల్‌ల మధ్య రాకపోకలకు 1952 అక్టోబరులోనే పాస్‌పోర్టు తప్పనిసరి అయింది. ఇళ్లు వదిలి వచ్చిన శరణార్థులు కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ క్లబ్బును తమ ఊరి పేరుగా భావించి గుండెలకు హత్తుకున్నారు. అలాంటి కాలంలో భారత జట్టు ఢాకా వెళ్లి ఆడి, గెలిచి వచ్చింది. మొదటి ఏడాది కప్పును పాకిస్తాన్‌తో పంచుకున్న భారత్, మిగతా మూడుసార్లూ ఒంటరి విజేతే.

ఈ విజయాల వెనుక మనకు దగ్గరి కథ ఒకటుంది. ఆనాటి భారత ఫుట్‌బాల్‌కు కలకత్తా ఒక కన్నయితే హైదరాబాద్ రెండో కన్ను. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది.

ఇక దౌత్యం వైపు చూద్దాం. 1954లో కొలంబోలో సమావేశమైన ఐదు దేశాల ప్రధానులను 'కొలంబో శక్తులు' అని చదువుతాం. 1955 బాండుంగ్ సదస్సుకు పిలుపునిచ్చింది వీరే. ఆ ఐదింటిలో ఇండోనేషియాను తీసేస్తే మిగిలేవి సరిగ్గా ఈ టోర్నీ ఆడిన నాలుగు దేశాలే! ఒకవైపు బాండుంగ్ స్ఫూర్తి, మరోవైపు పాకిస్తాన్ 1954లో సీటో ఒప్పందం మీద, 1955లో బాగ్దాద్ ఒప్పందం మీద సంతకం చేసింది. ఆ 1955తోనే కొలంబో కప్ ఆగిపోయింది. సైనిక కూటముల వల్లే ఆగిందని రాయకండి, అది తొందరపాటు. కానీ ఆ నలుగురినీ ఒకే చట్రంలో చూసే అలవాటు ఆ తర్వాత సడలిందన్నది మాత్రం నిజం.

1962లో నే విన్ సైనిక తిరుగుబాటుతో బర్మా తలుపులు మూసుకుంది. అక్కడి భారతీయులు పెద్దసంఖ్యలో వెనక్కి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అనే పేట నేటికీ ఉంది. 1985లో సార్క్ ఏర్పడినప్పుడు బర్మా అందులో లేదు. 1997లో ఆసియాన్‌లో చేరింది.

1993లో లాహోర్‌లో సార్క్ గోల్డ్ కప్ పేరుతో ఇరుగుపొరుగు ఫుట్‌బాల్ మళ్లీ మొదలైంది. నేటి శాఫ్ ఛాంపియన్‌షిప్‌కు అదే తొలి రూపం. ఆడినవి మళ్లీ నాలుగు దేశాలే: భారత్, పాకిస్తాన్, శ్రీలంక, నాలుగోది నేపాల్. సార్క్ శిఖరాగ్ర సమావేశం 2014 కఠ్మాండూ తర్వాత జరగలేదు. 2023లో శాఫ్ పోటీలకు పాకిస్తాన్ జట్టు బెంగళూరు వచ్చి, జూన్ 21న భారత్ చేతిలో 4–0తో ఓడింది.