అలంపుర క్షేత్ర దర్శనం – జీర్ణోద్ధరణ నేర్పిన పాఠం



మన శివాలయ జీర్ణోద్ధరణ పూర్తియై, మహాకుంభాభిషేకం జరుగుచున్న ఈ శుభవేళ వెలువడే సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసినదిగా ధర్మకర్తల మండలివారు నన్ను కోరినారు. మన ఆలయ విశేషాలను ఇతర పెద్దలు వివరిస్తున్నారు. కావున నేను మరొక ప్రాచీన క్షేత్రాన్ని మీకు దర్శింపజేయదలచినాను. అది అలంపురం. ఆ క్షేత్రాన్ని రెండుసార్లు దర్శించినాను. ఆ రెండు దర్శనాలూ మన ఆలయం విషయంలో నేను చేసిన ఒక పొరపాటును నాకు తెలియజేసినవి. దానిని చివర విన్నవించుకొంటాను.

అలంపురం తుంగభద్రానది ఎడమ గట్టున, నేటి తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నది. కర్నూలు నుండి హైదరాబాదు పోయే జాతీయ రహదారిపై అలంపురం చౌరస్తాలో దిగి లోపలికి వెళ్లాలి. శ్రీశైల మహాక్షేత్రానికి ఇది పశ్చిమ ద్వారమని ప్రసిద్ధి. దక్షిణ కాశి అనిన్నీ అంటారు. ఇక్కడ స్వామి బాలబ్రహ్మేశ్వరుడు, అమ్మవారు జోగులాంబ. అష్టాదశ శక్తిపీఠాలలో ఇది అయిదవది. దాక్షాయణీదేవి పైదంతపంక్తి పడిన చోటు ఇదేనని పెద్దలు చెబుతారు.

నేను మొదటిసారి అలంపురం చూచినది 1974వ సంవత్సరం కార్తికమాసంలో. అప్పుడు నాకు పన్నెండు, పదమూడేండ్ల వయస్సు. వేదపాఠశాలలో చదువుకొంటున్న మమ్ములను మా గురువుగారు వెంటబెట్టుకొని వెళ్లినారు. ముందు కూడవెల్లిలో కృష్ణా తుంగభద్రల సంగమంలో స్నానం చేయించి, ఒడ్డుననున్న సంగమేశ్వరునికి మాచేత నమకచమకాలతో అభిషేకం చేయించినారు. బాదామి చాళుక్యుల కాలపు ఆలయం అది. చుట్టూ ప్రాకారం. చలికి వణకుచు, తడిబట్టలతో ఆ ప్రాకారం చుట్టూ ప్రదక్షిణం చేసినది నాకింకా జ్ఞాపకమే.

అక్కడినుండి అలంపురం వచ్చి నవబ్రహ్మాలయాలు చూచినాము. ఇక్కడ పాఠకులకు ఒక మాట విన్నవించాలి. నవబ్రహ్మలనగానే ఇవి చతుర్ముఖ బ్రహ్మ ఆలయాలని చాలామంది భ్రమపడతారు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వబ్రహ్మ అను పేర్లుగల ఈ తొమ్మిదీ శివాలయాలే. బ్రహ్మదేవుడు ఇక్కడ తపస్సు చేసి శివానుగ్రహంతో సృష్టి సామర్థ్యాన్ని పొందినాడనీ, అందుచేత స్వామికి బ్రహ్మేశ్వరుడను పేరు కలిగినదనీ స్థలపురాణం.

మరొక గాథ రససిద్ధునిది. ఒక సిద్ధుడు అమ్మవారినీ స్వామినీ ఆరాధించి, పాదరసంతో హీనలోహాన్ని బంగారం చేసే విద్యను సాధించి, ఆ బంగారంతో ఈ గుడులన్నీ కట్టించినాడట. తొమ్మిది పేర్లూ ఆ రసవిద్యలో వాడే మూలికల పేర్లేనని కూడా చెబుతారు.

శాసనాలు చెప్పేది వేరు. ఈ ఆలయాలు క్రీ.శ. 7, 8 శతాబ్దాలలో బాదామి చాళుక్యుల పాలనలో వెలసినవి. స్వర్గబ్రహ్మాలయంలో ద్వారపాలక విగ్రహం పైనున్న శాసనాన్నిబట్టి, క్రీ.శ. 681–696 నడుమ రాజ్యమేలిన వినయాదిత్యుని కాలంలో, రాణిగారి గౌరవార్థం లోకాదిత్యుడనువాడు దానిని కట్టించినట్లు తెలుస్తున్నది. ఎక్కువ ఆలయాలకు ఉత్తరదేశపు పద్ధతిలో వంపు తిరిగి పైకి లేచే రేఖానాగర శిఖరాలు, వాటిపై ఉసిరికకాయ ఆకారంలో ఆమలకం ఉంటాయి. తారకబ్రహ్మాలయం మాత్రం దక్షిణాది పద్ధతిలో అంతస్తుల విమానంతో వేరుగా కనిపిస్తుంది. గర్భాలయం చుట్టూ లోపలనే ప్రదక్షిణాపథం, దానికి వెలుగు నిచ్చే రాతి జాలకాలు ఈ గుడులలో చూడదగినవి. స్వర్గబ్రహ్మాలయపు దిక్పాలకులను, విశ్వబ్రహ్మాలయంపై చెక్కిన పంచతంత్ర కథాశిల్పాలను త్వరపడక చూడండి.

సిద్ధుని కథ నిజమా, శాసనం నిజమా అని యువకులు నన్నడుగుతుంటారు. శాసనం కట్టించినవానిని చెబుతుంది. కథ ఆ కట్టడం చూచిన జనుల ఆశ్చర్యాన్ని చెబుతుంది. ఇంతటి శిల్పం మామూలు ధనంతో సాధ్యమా అని వారనుకొన్నారు. రెంటికీ గౌరవం ఇవ్వవలసినదే, ఒకదాని స్థానంలో మరొకదానిని కూర్చోబెట్టరాదు.

ఆనాడు బాలబ్రహ్మేశ్వరుని దర్శించిన తరువాత మా గురువుగారు మమ్ములను అదే ఆలయంలో ఒక ప్రక్కకు తీసుకొనిపోయినారు. అక్కడ జోగులాంబ అమ్మవారు కొలువై ఉన్నది. శవాసనంపై కూర్చున్న ఉగ్రమూర్తి. కేశాలలో కపాలం, తేలు, బల్లి, గబ్బిలం. పిల్లలం భయపడి వెనుకకు తగ్గినాము. శక్తిపీఠమని విని వచ్చిన నేను ఆశ్చర్యపోయి, "గురువుగారూ, అమ్మవారికి గుడి లేదా?" అని అడిగినాను.

"గుడి పోయినదిరా నాయనా. పూజ పోలేదు గదా!" అన్నారాయన.

తరువాత ఆ చరిత్ర చెప్పినారు. క్రీ.శ. 14వ శతాబ్దంలో బహమనీల దండయాత్రలో అమ్మవారి ఆలయం ధ్వంసమైనదని అక్కడివారు పరంపరగా చెబుతారు. భక్తులు అమ్మవారినీ, చండీ ముండీ మూర్తులనూ బాలబ్రహ్మేశ్వరాలయంలోనికి చేర్చి కాపాడుకొన్నారు. అది మొదలు ఆరు శతాబ్దాలకు పైగా తల్లి స్వామివారి గుడిలోనే ఉండిపోయినది. జీర్ణోద్ధరణ సమయంలో దేవతాకళను కుంభంలోనికి ఆకర్షించి, బాలాలయంలో ఉంచి అర్చిస్తాము. మన ఆలయంలోనూ పనులు పూర్తయ్యేవరకు మీరందరూ బాలాలయంలోనే స్వామిని సేవించుకొన్నారు. ఆ కాలం మీకెంత దీర్ఘమనిపించినదో మీరే నాతో అన్నారు. అలంపురంలో ఆ నిరీక్షణ ఎన్ని తరాలు సాగినదో ఊహించండి. గుడి మళ్లీ లేచేదీ లేనిదీ తెలియకుండానే ఒక్కొక్క తరం అర్చకుడు నిత్యనైవేద్యం చెల్లించి, తన కుమారునికి అప్పగించి వెళ్లిపోయినాడు.

ఆ నిరీక్షణ 2005వ సంవత్సరంలో ఫలించినది. పూర్వపు స్థలంలోనే నూతన ఆలయం నిర్మించి, ఫిబ్రవరి 13వ తేదీ వసంత పంచమినాడు అమ్మవారిని ప్రతిష్ఠించినారు. తల్లి ఉగ్రతను చల్లబరచుటకై ఆలయం చుట్టూ నీరు నిలిచే ఏర్పాటు చేసినారు. ప్రతి సంవత్సరం వసంత పంచమికి అమ్మవారి నిజరూప దర్శనం లభిస్తుంది. భక్తులు ఆనాడు వెళ్లగలిగితే మేలు.

ఆ ప్రతిష్ఠ జరిగిన కొన్నాళ్లకు నేను రెండవసారి అలంపురం వెళ్లినాను. అప్పటికి మా గురువుగారు లేరు. అమ్మవారిని సొంత గుడిలో చూచి, బయటకు వచ్చి, ఊరి వెలుపల ఒక ప్రాకారంగల ఆలయం కనిపించగా లోనికి పోయినాను. ప్రదక్షిణం మొదలుపెట్టినంతనే అడుగులు ఆగిపోయినవి. అది సంగమేశ్వరాలయం! చిన్ననాడు నేను కూడవెల్లిలో తడిబట్టలతో చుట్టి వచ్చిన గుడి!

శ్రీశైలం జలాశయం నిర్మాణంతో కూడవెల్లి సంగమం ముంపునకు గురికావలసివచ్చినది. పురావస్తుశాఖవారు ఆలయపు రాళ్లకు ఒక్కొక్కదానికీ సంఖ్య వేసి, విడదీసి, అలంపురానికి తెచ్చి, ఏ రాయి ఎక్కడ ఉండెనో అక్కడనే కూర్చి మళ్లీ నిలబెట్టినారు. పాపనాశన ఆలయ సముదాయాన్ని కూడా ఇట్లే తరలించినారు. ఈ సంగమేశ్వరుని, కర్నూలుకు తూర్పున సప్తనదీ సంగమంలోనున్న సంగమేశ్వరునిగా భ్రమపడవద్దు. వేపదారు శివలింగంగల ఆ క్షేత్రం ఇప్పటికీ జలాశయంలోనే ఉన్నది. ఏటా నీరు తగ్గినప్పుడు బయటపడి, భక్తులకు కొన్ని నెలలు మాత్రమే దర్శనమిచ్చి, తిరిగి మునిగిపోతుంది.

అలంపుర వైభవాన్ని లోకానికి తెలిపినవారిలో కీర్తిశేషులు గడియారం రామకృష్ణశర్మగారు అగ్రగణ్యులు. శాసనాలు చదివి, శిథిలాలను గూర్చి వ్రాసి, ఆ క్షేత్రానికై జీవితం ధారపోసిన పండితుడాయన. 2006లో పరమపదించినారు. ఆయన ఆత్మకథ 'శతపత్రము'నకు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. రాళ్లను మోసినవారెంత అవసరమో, రాళ్లపై అక్షరాలను చదివి పెట్టినవారూ అంతే అవసరం.

ఇక నా పొరపాటు. మన ఆలయ ముఖమండపంలో దక్షిణపు స్తంభం మీకందరకూ తెలుసు. ఏటా శివరాత్రికి ముందు దానికి సున్నం కొట్టించేవాడను నేనే. చాలా యేండ్ల క్రిందట విద్యుద్దీపం తీగ లాగవలసివచ్చి, ఆ స్తంభానికి ఒక ఇనుప మేకు దిగగొట్టించినవాడనూ నేనే. కొంచెం పెచ్చు ఊడినది. సున్నంతో పూసి మరచిపోయినాను. ఈ జీర్ణోద్ధరణలో సున్నపు పొరలు తీయగా, క్రింద అక్షరాలు బయటపడినవి. శాసనపండితులొకరు వచ్చి చదివినారు. స్వామి సన్నిధిలో అఖండదీపం వెలిగించుటకై ఒక దాత గొర్రెలను సమర్పించినట్లు అందులో ఉన్నది. "దాత పేరు ఇక్కడ ఉండాలి" అని ఆయన వ్రేలు పెట్టి చూపిన చోట నా మేకు రంధ్రం ఉన్నది.

ఎన్ని శతాబ్దాల వాన, ఎండ ఆ పేరును చెరపలేదు. స్వామికి నిత్యం దీపం పెట్టే నా చేయి చెరిపివేసినది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంఖ్యలు వేసి రాళ్లను మోసుకొని వచ్చిన అలంపురపు పనివారు గుర్తుకు వచ్చినారు.

ఆ స్తంభాన్ని తొలగించి నునుపురాతి స్తంభం నిలుపుదామనీ, పాతరాతిని అరుగుకు వాడుదామనీ మొదట కొందరన్నారు. నేను జరిగినది చెప్పి క్షమాపణ వేడినాను. ధర్మకర్తలు పెద్ద మనసుతో ఆ స్తంభాన్ని ఉన్నచోటనే, సున్నం లేకుండా నిలిపినారు. తీగ మరొక దారిన పోయినది. అచ్చటనే ఒక దీపం ఏర్పాటైనది. దాని సంకల్పంలో గోత్రనామాలు చెప్పవలసిన చోట "అజ్ఞాత దాత" అని చెప్పి వెలిగిస్తున్నాను.

దాతలారా! మీ పేర్లు పాలరాతి ఫలకంపై ప్రవేశద్వారం వద్ద చెక్కబడినవి. రససిద్ధుని బంగారం మనకు లేదు. ఒకరు సిమెంటు బస్తా, ఒకరు ఒకనాటి కూలి, ఒకరు పెండ్లినాటి ఉంగరం ఇచ్చినందువల్లనే శిఖరం లేచినది. లక్క, గుగ్గిలం, తేనెమైనం, వెన్న మొదలగు ద్రవ్యాలు దంచి అష్టబంధనం చేయునప్పుడు రోకలి పట్టిన చేతులు కూడా మీవే. పన్నెండేండ్లకొకసారి ఆ బంధనాన్ని నూతనపరచుట సంప్రదాయం. ఎంత గట్టి బంధనమైనా మరల చేయవలసినదే. ఆనాటికి నేనుండకపోవచ్చు. అప్పుడు పనులు చేయించేవారికి నాదొక్క విన్నపం. మేకు కొట్టే ముందు రాతిని ఒకసారి చేతితో తడమండి.

ఈ కుంభాభిషేకం చూచినవారందరూ వీలు చూచుకొని అలంపుర యాత్ర చేయండి. స్వామినీ అమ్మవారినీ సేవించి, సంగమేశ్వరాలయానికి వెళ్లి ప్రదక్షిణం చేయండి. ఆ గోడలను చూచినప్పుడు, వాటిని మోసినవారి పేర్లు తెలియకపోయినా, వారికొక నమస్కారం సమర్పించండి.

ఆ బాలబ్రహ్మేశ్వర జోగులాంబల అనుగ్రహం, మన స్వామివారి కటాక్షం మీ కుటుంబాలపై సదా ప్రసరించుగాక!

శుభం భూయాత్.