ధర్మద్రవ్యము - దాని లెక్క

దానము పుణ్యకార్యమని చెప్పని శాస్త్రము లేదు. అయితే మన పూర్వుల దానశాసనములను పరిశీలించినవారికి మఱియొక విశేషము గోచరించును. తానిచ్చుటకంటె నొరులిచ్చినదానిని కాపాడుట మిన్న యని శాసనముల తుదిని వ్రాయించిన ప్రభువులు పెక్కుమంది. ఇచ్చినవాడు మఱచిపోవచ్చును, అది వానికి శోభయే. పుచ్చుకొన్నవాడు మాత్రము మఱచుటకు వీలులేదు. ఆ జ్ఞాపకమునకే లెక్క యని పేరు.

ఈ ధర్మము ఆచరణమున నెట్లు నిలిచినదో తెలిసికొనుటకు నేటాలు భారతీయ కాంగ్రెసు చరిత్ర చక్కని నిదర్శనము. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి 'ట్రూరో' యను ఓడ కూలివారితో డర్బను రేవు చేరెను. అది మొదలు ఆ సీమకు బోయిన భారతీయులలో తెలుగువారును అనేకులు గలరు. 1894లో నేటాలు శాసనసభ భారతీయుల ఓటుహక్కును తొలగింప బూనగా, వ్యాజ్యపు పని ముగించుకొని స్వదేశమునకు మరలనున్న యువ బారిస్టరు గాంధీ అచ్చటనే నిలిచిపోయెను. అప్పుడు పుట్టినదే ఆ కాంగ్రెసు. కార్యదర్శి గాంధీయే.

చందా నెలకు 5 షిల్లింగులకు తక్కువ కాకుండ నిర్ణయింపబడెను. దాదా అబ్దుల్లా సేఠు నెలకు 2 పౌనులు, గాంధీ 1 పౌను వ్రాసిరి. ఇంచుమించు ఒక నెలలోనే 300 మంది సభ్యులైరి. ఆరంభ మింపుగానే యున్నది. కాని నెలనెలకు చందా రాబట్టుట దుస్తరమయ్యెను. గుమాస్తా దినమంతయు తిరిగి తిరిగి విసిగెను. క్షణకాలపు ఉత్సాహము మఱునాటికి చల్లారుట లోకసహజము. అందుచేత చందా సంవత్సరమునకు 3 పౌనులకు తక్కువ కాకుండ, ముందుగనే చెల్లింపవలెనని మార్చిరి. ధనవిషయమున మాట నమ్మి అప్పుచేసి ప్రజాకార్యము నడపరాదని గాంధీ తొలినాడే నేర్చెను. చేతికి వచ్చినదానిలోనే వ్యయము, ఇదియే నియమము.

వసూలునకై గ్రామములకును పోయెడివారు. టోంగాటులో ఆతిథ్య మిచ్చిన వర్తకుడు 6 పౌనులు ఈయవలసినవాడు, 3 పౌనులకు మించి ఈయననెను. వచ్చినవారు వాదులాడక, ఆ రాత్రి భోజనము మాని కూర్చుండిరి. తెల్లవారునప్పటికి ఆతడు 6 పౌనులు నిచ్చి విందు చేసెను. ఇది వినుటకు రమ్యమైనను అందఱకును ఆచరణీయము గాదు. ఇంటివారిని ఇరుకున బెట్టి పుచ్చుకొన్న రూపాయి మరుసటి యేడు మరల రాదు. మనసొప్పి యిచ్చినదే దానము, తక్కినది సుంకము.

అన్నిటికంటె ముఖ్యమైనది రసీదు. చందా యిచ్చినవారు రసీదు కోరెడివారు కారు. అయినను ఈయక విడువరాదని వారి పట్టుదల. తొలినాళ్లలో రసీదు పుస్తకములు అచ్చొత్తింపక, రసీదులను, నివేదికలను కార్యాలయమందలి సైక్లోస్టైల్ యంత్రముపై తీసి ఖర్చు తగ్గించిరి. నిధి పెరిగిన పిమ్మటనే అచ్చునకు బోయిరి. 1894 నాటి లెక్కపుస్తకములు చెక్కుచెదరక దొరకునని మూడు దశాబ్దుల పిమ్మట ఆత్మకథలో వ్రాయగలిగెనన్న ఆ పద్దులెంత చక్కగా నుండెనో ఊహింపవచ్చును. లెక్క సరిగా లేని సంస్థ అపకీర్తి పాలగుననియు, లెక్క లేక సత్యమును నిర్మలముగా నిలుపుట కాదనియు ఆయన యభిప్రాయము.

సంస్థ సొమ్ము వేఱు, సేవకుని సొమ్ము వేఱు. ప్రజాసేవకు ప్రతిఫలము పుచ్చుకొనుట కాయన యంగీకరింపలేదు. ఇరువదిమంది వర్తకులు తమ న్యాయస్థానపు పనులకై యిచ్చిన ముడుపుతోనే సంసారము నడపెను. 1901లో స్వదేశమునకు మరలునప్పుడు జనులు విలువగల కానుకలు సమర్పించిరి. అందులో కస్తూరిబాయికి 50 గినీల బంగారు హార మొకటి. రాత్రి నిద్రపట్టక ఆలోచించి, అవి సమాజమునకే చెందునని ఆయన నిశ్చయించెను. భార్య ఒప్పలేదు, మీరు చేసిన సేవ నేను చేసినట్టే గదా యని వాదించెను, కన్నీరు పెట్టెను. ఆ మాటలు వినినవారి కెవరికైనను మనసు కరగును. అయినను కానుకలన్నియు ధర్మకర్తల వశమై బ్యాంకులో జమపడెను.

పిమ్మట సంస్థకు స్థిరాస్తి సమకూడెను. దానినుండి కలహములు పుట్టి, ఆస్తిమీది అద్దెలు న్యాయస్థానమున నిలిచిపోయెను. కావున ప్రతి సంవత్సరపు వ్యయమును ఆ సంవత్సరపు చందాలతోనే జరుపుకొనుట మేలని ఆయన నిర్ణయించెను. భవనము వలసిన సంస్థకు భవన ముండవచ్చును. కాని జనులు చందా మానిన సంస్థ తన ప్రయోజనమును పరీక్షించుకొనవలెను.

ఆ గాంధీయే 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు జూన్ 30 లోపల సమకూర్ప సంకల్పింపజేసెను. ధనికుల రొక్కముతోపాటు స్త్రీల నగలును అందు చేరినవి. నేటాలులో నేర్చిన పాఠము లేకున్న నంతటి విశ్వాసము కలుగుట దుర్లభము.

రాజశాసనమును ఈ మార్గముననే నడచినది. 1860 నాటి 21వ చట్టము ప్రకారము ఏడుగురు చేరి సంఘమును రిజిస్టరు చేసికొనవచ్చును. సర్వజనోపయోగమునకై గ్రంథాలయములు, పఠనమందిరములు స్థాపించు సంఘములను ఆ చట్టము పేర్కొన్నది. సంఘము రద్దైనను ఆస్తి సభ్యులు పంచుకొనరాదని విధించినది. 2001లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రత్యేకముగ చట్టము చేసినది. కాని చట్టము దొంగను పట్టగలదు గాని, అలసుని మేల్కొలుపలేదు. రసీదు వ్రాయు చేయి ఊరిదే కావలెను.

గ్రామ గ్రంథాలయము ధనికుని కొడుకునకును, కూలివాని కొడుకునకును ఒకే బల్ల. దానికి చందా యిచ్చినవారిలో ఒకపూట ఖర్చు మిగిల్చి యిచ్చినవారుందురు. వారెన్నడును లెక్క అడుగరు. అడుగకున్నను చెప్పవలసినది వారికే. పద్దు ఆనాటి దానాడే వ్రాయవలెను. పుస్తకములకని తెచ్చినది పుస్తకములకే వెచ్చింపవలెను. యేటేట జమాఖర్చుల పట్టిక అందఱికిని కనబడునట్లు గోడకు తగిలింపవలెను. లెక్క వ్రాసినవాడే లెక్క తనిఖీ చేయరాదు. రజతోత్సవమున దీపములు వెలిగించుట ముచ్చటయే. అయితే స్వర్ణోత్సవమునాటి పిల్లలు బీరువా తెఱచి నేటి లెక్కపుస్తకములు చూచినప్పుడు ఒక్క పద్దుకైనను తలవంపు కలుగకున్న, ఆ దినమే ఈ గ్రంథాలయమునకు నిజమైన ఉత్సవము.