మోకాలి సూది: కుందేలు ముందే చెప్పిన మాట

నిజాంసాగర్ ఆయకట్టులో ఏళ్ళ తరబడి వంగి నాట్లు వేసిన ఆడవాళ్ళ నోట వినిపించే మాట ఒకటే: "మోకాళ్ళల్ల గుజ్జు అరిగింది." ఆ అరుగుదలకు వేసే సూది కథను మాత్రం ఒకే వరుసలో చెబుతుంటారు. 1951లో ఫిలడెల్ఫియాలో హాలండర్ బృందం కీళ్ళలోకి హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించిందనీ, తర్వాత గుజ్జు మందు (హయలురోనిక్ ఆమ్లం), ఆపైన పీఆర్‌పీ (సొంత రక్తం నుంచి తీసే ప్లేట్‌లెట్ల ద్రవం) వచ్చాయనీ, ఒకదాన్ని మించి ఒకటనీ. ఈ వరుసలో జంతువుల సాక్ష్యం జారిపోయింది.

1966లో మాంకిన్, కాంగర్ అనే పరిశోధకులు హైడ్రోకార్టిజోన్ కుందేలు మృదులాస్థి (కీళ్ళలో ఎముకల చివర్లను కప్పే పొర) పనిని మందగింపజేస్తుందని చూపారు. మరుసటి ఏడాది కెనడాలో సాల్టర్ బృందం, పదే పదే వేస్తే ఆ పొరే చెడుతుందని హెచ్చరించింది. 1977లో గిబ్సన్ బృందం కోతుల్లో పరీక్షిస్తే చెప్పుకోదగ్గ హాని కనిపించలేదు. కోతి మనకు దగ్గరి చుట్టం కాబట్టి కుందేలు మాట వెనక్కి పోయింది. కుందేలు మృదులాస్థి పల్చన, ఆ మోకాలికి జబ్బూ లేదు, నిజమే. అంతమాత్రాన కొట్టిపారేయదగ్గ సాక్ష్యమా అది? 2003లో స్టెరాయిడ్ సూదిపై 68 మందితో రెండేళ్ళు సాగిన పరీక్షలో ఎక్స్‌రేకు తేడా దొరకలేదు. ఎక్స్‌రేలో కనిపించేది ఎముకల మధ్య సందే, మృదులాస్థి కాదు. 2017లో మెకాలిండన్ బృందం 140 మందిని ఎంఆర్ఐతో చూసింది. మూడు నెలలకోసారి రెండేళ్ళు స్టెరాయిడ్ పడ్డ మోకాళ్ళలో మృదులాస్థి 0.21 మిల్లీమీటర్లు పల్చబడింది, పోలిక కోసం ఉప్పునీరు పడ్డవాటిలో 0.10. నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కుందేలు మాటే నిలిచిందని నా అభిప్రాయం.

జంతువుల్లో ఇప్పటి మందుల పోలికలు చాలావరకు ఎలుకల మీదే. ఎలుక మోకాల్లోకి అయోడోఅసిటేట్ అనే రసాయనం ఎక్కిస్తే మృదులాస్థి కణాలు చచ్చిపోతాయి. కొద్దిరోజులకే ఎలుక ఆ కాలు మీద బరువు మోపడం తగ్గిస్తుంది. వెనక కాళ్ళు రెండూ చెరో పలక మీద ఉంచి ఆ బరువు తూస్తారు. నొప్పి మందులను పోల్చడానికి ఈ పద్ధతి పనికొస్తుంది. ముప్ఫై ఏళ్ళు బురదలో అరిగిన మోకాలికి మాత్రం అది సాటి రాదు.

కోడిజుట్టు నుంచి తీస్తూ వచ్చిన గుజ్జు మందు మేలు చాలా స్వల్పమని 2022 నాటి సమీక్ష తేల్చింది. 2021లో 288 మందిపై జరిగిన పరీక్షలో పీఆర్‌పీ ఉప్పునీటిని మించలేదు.

సూది వేయించుకునే అక్కలారా, అందులో ఏ మందుందో, ఈ ఏడాది ఇది ఎన్నోసారో డాక్టరుగారిని అడిగి చీటీ మీద రాయించుకోండి.